నేను వెళ్ళని మద్రాసు కోర్సు

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోన్ చేసి, వాళ్ళ కంపెనీ తనను మూడు నెలల శిక్షణకు పుణె పంపుతోందనీ, జీతం జీతమే, ఖర్చులన్నీ వాళ్ళవేననీ సంబరంగా చెప్పింది. వచ్చే ఏడాది ఎవరికి ఏం నేర్పించాలో ముందే కాగితం మీద రాసుకుంటారట. "మీ రోజుల్లో ఇట్లాంటివి ఉండేవా అమ్మమ్మా?" అంది. ఉండేవి కావని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఉండేవి. డెబ్బైల్లో నేను భవానీపురం నుంచి రోజూ బస్సెక్కి, ఇబ్రహీంపట్నం రోడ్డులో బస్సులకు బాడీలు కట్టే ఒక వర్క్‌షాపుకు వెళ్ళేదాన్ని. చేరింది టైపిస్టుగా. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక మూల లైబ్రరీ పుస్తకంలో తల దూర్చి కూర్చునే నన్ను చూసి, మా నాన్నగారి వయసున్న హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు, ఇంత ఓపికున్న పిల్లకు గీతల పని వస్తుందని, పెన్సిలు డ్రాయింగుల మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో నకలు దించడం నేర్పారు. రెండేళ్ళకు నకళ్ళు దాటి సీట్ల వరసలూ, తలుపు కొలతలూ నేనే గీసి చూపించేదాన్ని. మొదట్లో ఆయన దిద్దేవారు, తర్వాత్తర్వాత దిద్దడం మానేశారు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, డైరీలో రాసుకున్నాను. మాట్లాడటం కంటే రాసుకోవడమే నాకు సులువు.

అప్పుడే మద్రాసులో ఆరు నెలల డిజైను కోర్సుకు ఒకరిని పంపాలని యజమాని గారు అనుకున్నారు. నేర్చుకుని వచ్చినవాళ్ళే హెడ్ గారి తర్వాత డ్రాయింగుల గది చూసుకుంటారు. హెడ్ గారు నా పేరే చెప్పారు. మేనత్త ఇంట్లో ఉండొచ్చని నాన్నగారూ ఒప్పుకున్నారు. రెండు కొత్త చీరలకు ఫాల్ కూడా కుట్టుకున్నాను.

యజమాని గారు పిలిపించారు. ఆడపిల్లవనో, మరొకటో అనలేదు. "నువ్వెళ్తే ఇక్కడ పనెట్టా సాగుద్దమ్మాయ్? నా కుడిచెయ్యివి నువ్వు. పని రానోణ్ణి పంపితే మనకి పోయేదేముంది?" అని నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ మాటకు నేను పొంగిపోయాను. సరేనండీ అని తలూపి వచ్చేశాను. "వెళ్తానండీ అని ఒక్క మాట అనలేకపోయావా, పిచ్చితల్లీ!" అని హెడ్ గారు కసిరేదాకా, పోగొట్టుకున్నదేమిటో నాకు తెలియనే లేదు.

వెళ్ళినతను స్టోర్సు గుమాస్తా. యజమాని గారికి బంధువైనా కాదు, అయ్యుంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. లేకపోయినా పని ఆగని మనిషి, అంతే. వెళ్ళేముందు వారం రోజులు అతనికి స్కేలు పట్టడం నేర్పింది నేనే. తిరిగొచ్చి, హెడ్ గారు రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చున్నాడు. మంచివాడే. "కాస్త ఇది చూసిపెట్టండి" అని మర్యాదగానే అడిగేవాడు, నేను చూసిపెట్టేదాన్ని. తర్వాత వచ్చినవాళ్ళకూ నేనే నేర్పాను. వాళ్ళూ ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళారు. నా బల్ల మాత్రం చివరిదాకా అదే కిటికీ పక్కన ఉండిపోయింది.

మన ఈడువాళ్ళకు ఇది కొత్త కథ కాదు. ఇప్పటి పిల్లలు నోరు తెరిచి అడుగుతారు, అడగకపోయినా వాళ్ళ పేరు కాగితం మీద ఉంటుంది. మాకు వచ్చిన పనినే ఏళ్ళ తరబడి చేయించుకుని, దానికి నమ్మకమని పేరు పెట్టారు. రాని పని నేర్పితే మేమింకేం చేయగలమో చూద్దామని ఎవరికీ తోచలేదు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా ఒక్క బస్సు నేను గీసి ఉంటే అది ఎట్లా ఉండేదో, నాకే తెలియదు.