సబ్బు పెట్టని ఎరుపు, పండని అంజీర్

1950ల నడిమి సంవత్సరాల్లో షోలాపూర్‌లోని ఒక చాదర్ల కార్ఖానాలో రంగు మాస్టర్‌గా చేరాను. ఉద్యోగం ఖాయం కావడానికి రెండేళ్ల గడువు. ఆ గడువు ముగిసే ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది.

నా పైన నేత మాస్టర్, ఆయన పైన మేనేజర్. నేను అద్దిన నూలును నేత మాస్టర్ ఒప్పుకుంటేనే అది మగ్గం ఎక్కుతుంది. నేత మాస్టర్ నర్సయ్య, కార్మికులు వరుస గదుల్లో కాపురముండే మా చాళ్లో, పక్క గదిలోనే ఉండేవాడు.

మా ఎరుపు నాఫ్తాల్ రంగు. నూలును రెండు తొట్లలో ముంచితే ఎరుపు పుడుతుంది. పైపైన అంటిన పొడి రంగును ఆ తర్వాత సబ్బునీళ్లలో ఉడికించి వదిలించాలి. అంతవరకు ముట్టుకుంటే చెయ్యి ఎర్రబడుతుంది; తర్వాత ఏమీ కాదు. ఒకరోజు నర్సయ్య, సబ్బు తొట్టికి పోవాల్సిన దండెం మీది చిలపను, అంటే నూలు కట్టను, తన తెల్ల రుమాలుతో రుద్ది, మరకను అందరికీ చూపించాడు.

“మాస్టర్ రంగు అద్దిండా, కుంకుమ పూసిండా?”

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. నేను నోరు తెరిచేలోపే ‘రంగు నిలవదు’ అని రిజిస్టర్‌లో రాయించాడు. ఆ మాట ఉండగా నా నౌకరీ ఖాయం కాదు.

అప్పుడు మా వాకిట్లో అంజీర్ తొలికాపు మీద ఉంది. చేరిన నెలలో పుణె వైపు నుంచి వేలి మందం కొమ్మ తెచ్చి నాటాను. స్నానం నీళ్లు, పొయ్యి బూడిద దాని మేత. అంజీర్ చెట్టు మీదే పండాలి. మామిడిలా కోసి మాగబెట్టలేం. మెడ వాల్చి వేలాడాలి, తోలు మీద సన్నని చీలికలు రావాలి, తుంచినచోట పాలు కారకూడదు. అలాంటి పండును వేడి జొన్నరొట్టెలో నలుపుకొని తింటే పక్కన కూర అక్కర్లేదు.

పిట్టల భయానికి కాయకొక గుడ్డ సంచి కట్టాను. అరుగు మీద బీడీలు చుడుతున్న మా ఇంటామె చూసి, “ఏందయ్యా, చెట్టుకు అంగీలు కుడుతున్నవు, నాకు రవిక ఎప్పుడు కుడతవు?” అంది.

పండ్లు మాయం కాసాగాయి. ఖాళీ సంచులకు మళ్లీ ముడి వేసి ఉండేది. అది నేతగాళ్ల ముడి. మా చాళ్లో అందరూ ఆ ముడే వేస్తారు కనుక సాక్ష్యానికి పనికిరాదు.

నమూనాకు అద్దిన ఎర్రగుడ్డతో కొత్త సంచులు కుట్టాను. కొన్నిటికి సబ్బు పెట్టాను, కొన్నిటికి పెట్టలేదు. పంచాయితీ వస్తే రెండూ పక్కపక్కన చూపాలని.

మూడో రోజు నర్సయ్య పొద్దుటి పాళీ డ్యూటీకి ఎర్రని వేళ్లతో వచ్చాడు. తెల్లటోపీ మీద కూడా వేలిముద్రలే. పెదవులు వాచి ఉన్నాయి; పచ్చి అంజీర్ పాలకు ఆ గుణం ఉంది. రాతపూర్వక ఫిర్యాదుతో, సంచులతో ఆయన్ని మేనేజర్ ముందుకు తీసుకెళ్లాను.

నర్సయ్య ఏమాత్రం తొణకలేదు. “చూడుండ్రి సాహెబ్, ఈయన రంగు నిలవదని నేను అనలేదా? నా చెయ్యే సాక్షి.”

మేనేజర్ తల ఊపాడు. నా నౌకరీ పోయినట్టే అనిపించింది. నర్సయ్య రుమాలే అడిగి తీసుకుని సబ్బు పెట్టిన సంచిని రుద్దాను. రుమాలు తెల్లగానే ఉంది. పెట్టనిదాన్ని రుద్దాను. ఎర్రబడింది.

“మాస్టర్, ఆ దినం చిలప ఏ దండెం మీదికెల్లి తీసిండ్రు?” అని అడిగాను.

“సబ్బు తొట్టికి ఇవతలి దండెం,” అన్నాడు నర్సయ్య, టోపీ సర్దుకుంటూ.

మేనేజర్ రిజిస్టర్‌లో ‘రంగు నిలవదు’ అన్న మాట కొట్టేసి నా ఉద్యోగం ఖాయం చేశాడు. దాని కిందనే, సబ్బు పెట్టని గుడ్డను ఇంటికి తీసుకెళ్లినందుకు నాకు హెచ్చరిక రాశాడు. దొంగతనం గురించి మాత్రం, పండ్లు తీపిగా ఉన్నాయా అని ఒక్క ప్రశ్న వేశాడు.

“ఐదు మస్తు తీపున్నయి సాహెబ్. ఆరోదే జర మూతి కొరికింది.”

మరుసటి ఏడు నర్సయ్య గిన్నె పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ముందు చేతులు చూపమన్నాను. తర్వాత మెడ వాలినవి రెండు ఇచ్చాను.

నూలును సబ్బుకు ముందు, అంజీర్‌ను మెడ వాలకముందు పరీక్షించకూడదు. నర్సయ్య రెండు చోట్లా తొందరపడ్డాడు. హెచ్చరిక మాత్రం నా ఒక్కడికే వచ్చింది. దాన్ని కొట్టేయమని రిటైరయ్యేదాకా ఏటా అర్జీ పెట్టాను. కొట్టేయలేదు.