ఖ్మైస్ మామ చిల్లుల గిన్నె

ఆ శుక్రవారం సముద్రం అవతలి నుంచి సలూహా గొంతును పట్టుకొచ్చింది చిల్లుల గిన్నా, ఉత్త రాగితీగా? యాభై ఏళ్ళుగా నన్ను నేనే అడుక్కుంటున్నాను. ఇంతవరకూ తేలలేదు.

స్ఫాక్స్ రేవుపట్నం పాత ఊళ్ళో మా ఇల్లూ ఖ్మైస్ మామ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మేడ మీద ఆ గోడ నడుమెత్తే. మామ చేసే ఘనకార్యాలన్నీ నేను పుస్తకం అడ్డం పెట్టుకుని చూసేదాన్ని. పాత పడవలకు చిల్లులు పూడ్చడం ఆయన పని. ఆయన చెయ్యి పడిన పడవ ఏదీ మునగలేదు. ఆ ధైర్యంతోనే రేడియోలు కూడా విప్పేవాడు.

సముద్రం అవతల మార్సెయ్‌లో బట్టల మిల్లులో పనిచేసే ఆయన మరదలు సలూహా ఒకసారి సెలవుకు వస్తూ తన అక్కకు, అంటే మామ భార్య మన్నూబియాకు, చేతి రేడియో తెచ్చింది. చక్కగా పలుకుతున్న దాన్ని ఇంకా చక్కగా పలికిద్దామని మామ ఆ సాయంత్రమే విప్పాడు. తిరిగి బిగించాక నాలుగు మరలు మిగిలాయి, యాంటెన్నా సగానికి విరిగింది. సలూహా పెట్టె సర్దుకుంది. మర్నాడే ఓడెక్కింది. ఆ తర్వాత మూడేళ్ళు ఉత్తరం ముక్క లేదు. మన్నూబియా అత్త ఏ మాట ఎత్తుకున్నా ఆ నాలుగు మరల దగ్గరే ముగించేది.

చివరికి ఒక బంధువు కబురు తెచ్చాడు. పరాయి దేశాల్లో పనిచేసేవాళ్ళు ఇంటివాళ్ళకు క్షేమాలు చెప్పుకునే శుక్రవారం మధ్యాహ్నపు రేడియో కార్యక్రమంలో ఈ వారం సలూహా మాట్లాడుతుందట. చిక్కల్లా ఒక్కటే, ఆ స్టేషను పెడితే మా వీధిలో ఎవరి రేడియోలోనైనా నూనెలో చేప వేగుతున్న చప్పుడే వచ్చేది.

“నా చెల్లెలి గొంతు నా చెవిన పడాలి. పడలేదో, నువ్వు ఇక ఆ పడవల్లోనే పడుకో,” అంది అత్త.

మామ వారమంతా మేడ దిగలేదు. విరిగిన యాంటెన్నాకు రాగితీగ చుట్టి పైకి లాగాడు. దాని రెండో కొసను ఒకరోజు బట్టలారేసే తీగకు, ఒకరోజు నీళ్ళ తొట్టికి, ఒకరోజు కిటికీ ఊచలకు తగిలించి చూశాడు.

“ఏం ఖ్మైస్, ఇవాళ వలలో ఏం పడింది?” అని మా నాన్న గోడ మీంచి అడిగాడు.

“తోక దొరికింది. తల ఇంకా రాలేదు,” అన్నాడు మామ, ఏమాత్రం నవ్వకుండా.

గురువారం ఆయన కన్ను వంటింట్లోని అల్యూమినియం చిల్లుల గిన్నె మీద పడింది. అది అత్త పెళ్ళినాటిది. ప్రతి శుక్రవారం కుస్కుసు నూకకు ఆవిరి పట్టేది అందులోనే. ఆవిరి పోయి నూక నిలిచినట్టే, రొద పోయి మాట నిలుస్తుందని మామ సిద్ధాంతం. అత్త గిన్నెను చాలాసేపు చూసింది. శుక్రవారం పూట కుస్కుసు వండని ఇల్లు మా వీధిలో లేదు.

“తీసుకుపో. రేపు మాకరోనీ వండుతా. ఎవరడిగినా నీ పేరే చెప్తా,” అంది.

చెప్పింది కూడా. మర్నాడు మధ్యాహ్నానికి జాలిపడిన ఇళ్ళ నుంచి అయిదు పళ్ళాల కుస్కుసు వచ్చింది, వాటి వెనకే వాటిని తెచ్చినవాళ్ళూ వచ్చి వాకిట్లో రేడియో చుట్టూ కూర్చున్నారు. మేడ మీద మామ గిన్నెను గెడకు బోర్లించి, బట్టల క్లిప్పుతో తీగను దాని అంచుకు బిగించి, గెడను అంగుళం అంగుళం తిప్పసాగాడు. చేప వేగుతూనే ఉంది. ఉన్నట్టుండి అణిగింది.

“మన్నూబియక్కా, నేను బాగున్నాను. పండక్కి వస్తున్నా. బావకు చెప్పు, రేడియో జోలికి పోవద్దని.”

వాకిలంతా నవ్వు. అత్త తలగుడ్డ కొస కళ్ళకు అద్దుకుంటూ నవ్వింది. ఈ గిన్నె ఇక దించేది లేదని, వంటకు వేరేది కొంటానని అందరి ముందూ ప్రకటించింది.

అప్పుడు మా మేడ మీంచి చూశాను. క్లిప్పు ఊడిపోయి, తీగ కొస గిన్నెకు మూరెడు దూరంలో గాలికి ఊగుతోంది. ఎప్పుడు ఊడిందో, గొంతు రాకముందో వచ్చాకో, తెలియదు. మామ కూడా అప్పుడే చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

కింద గిన్నె గొప్పతనం గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. మామ పట్కారు జేబులో వేసుకుని మెట్లు దిగాడు. పొగుడుతున్నవాళ్ళ మధ్య నుంచి, అయిదు పళ్ళాలూ దాటి, వస్తానని అత్తతో అయినా అనకుండా, పడవల రేవు వైపు వెళ్ళిపోయాడు.