అమ్మ చేతులకు వాజిలిన్

అరకులో చలికాలం వస్తే అందరికీ ఒకటే రంగు వచ్చేది, బూడిద రంగు. మోచేతి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడేది. పలక కొనుక్కోలేని పిల్లలకు దేవుడిచ్చిన పలక అని నేను అనేవాణ్ణి. నవ్వితే పెదవులు పగిలి నెత్తురొచ్చేది కాబట్టి, ఆ నెలల్లో నా మాటలకు ఎవరూ నవ్వకపోయినా నేరం చలి మీదికి తోసేసే వీలుండేది. కొబ్బరినూనె సీసాలో మైనంలా గడ్డకట్టేది. కొండల మీంచి సంతకు దిగే ఆడవాళ్లు వలిసెనూనె రాసుకుని నిగనిగలాడుతూ వచ్చేవాళ్లు. కింద ఊళ్ల నుంచి వచ్చిన మాలాంటివాళ్లమే పొట్టు రాలుస్తూ తిరిగేవాళ్లం.

మాది సాలూరు. రైలుమార్గం వేసేటప్పుడు నాన్న పని కోసం మమ్మల్ని కొండెక్కించాడు. లైను పూర్తయింది. కొన్నాళ్లకే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ స్టేషనుకు పోయే దారిలో టీ బడ్డీ పెట్టింది. నేను చదువు మానేసి అందులో చేరాను. చదువు నన్ను ఉండమని బతిమాలలేదు కూడా.

డెబ్భైల చివరికి వచ్చేసరికి అమ్మ ఆ దారిలో పేరున్న మనిషి. ఆ పేరు టీ వల్ల రాలేదు. మరుగుతున్న పాలగిన్నెను మసిగుడ్డ లేకుండా వట్టి చేతుల్తో దించేది. కొత్తవాళ్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. పాతవాళ్లు తమ ఇంటి గొప్పలా చెప్పేవాళ్లు: “మా అక్క సెయ్యి ఇనుమురా.” మనుషులు ఎక్కువగా ఉన్నప్పుడే అమ్మ గిన్నె దించేదని నాకు అనుమానం.

ఆ ఏడు చలి ముదిరాక అమ్మ అరచేతులు పగిలాయి. అందరివీ పగిలాయి. అందరూ అబ్బా అన్నారు, అమ్మ అనలేదు. ఒకరోజు కడిగిన గ్లాసు మీద ఎర్రటి మరక కనిపించింది. తుడిచాను, ఇంకో గ్లాసు మీద కనిపించింది. అమ్మ చెయ్యి తిప్పి చూస్తే బొటనవేలి కింద చర్మం నోరు తెరిచి ఉంది.

“అమ్మా, నెత్తురు కారతందే.”

“ఏదీ?” అని తన చేతినే ఎవరి చేతినో చూసినట్టు చూసింది. “చలిరా గుంటడా. బేగి ఆ పంచదార డబ్బా ఇలా అందీ.”

చర్మం మీద మచ్చలు వెతుకుతూ ఊళ్లమ్మట సైకిల్ మీద తిరిగే ఆరోగ్య కార్యకర్త ఒకాయన ఉండేవాడు. డాక్టరు కాదు, అయినా అందరూ డాక్టరుబాబు అనేవాళ్లు. అలా పిలవొద్దని ఆయన చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఆ రోజు మా దగ్గర టీ తాగుతుంటే అమ్మ పాలగిన్నె దించింది. ఆయన మెచ్చుకోలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

“అమ్మా, మీకు వేడి తగల్లేదా?”

“అలవాటు బాబూ.”

బడ్డీ వెనక్కి రమ్మన్నాడు. రాతి మీద కూర్చోబెట్టి, సంచిలోంచి కోడి ఈక తీశాడు. “కళ్లు మూసుకోండి. నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టి చూపించాలి.”

“ఈ వయసులో దాగుడుమూతలేటి బాబూ?” అంది అమ్మ. కళ్లు మాత్రం బుద్ధిగా మూసుకుంది.

ఈక ముంజేతిని తాకింది. అమ్మ సరిగ్గా చూపించింది. తర్వాత అరచేతికి వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు, మళ్లీ అరచెయ్యి. అమ్మ కదల్లేదు. కాసేపటికి విసుక్కుంది.

“మొదలెట్టండి బాబూ, బేగి. అక్కడ పాలు పొంగిపోతాయి.”

నాకో జోకు తట్టింది. నోటిదాకా వచ్చిన జోకును మింగడం నాకు అదే మొదలు. రుచి బాగాలేదు.

మా వైపు కుష్ఠును పెద్దరోగం అంటారు. డాక్టరుబాబు ఆ మాట వాడలేదు. మాత్రలు వేసుకుంటే తగ్గే జబ్బేనన్నాడు, మాత్రలు పడ్డాక ఇంకొకరికి అంటదన్నాడు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదన్నాడు. ఆ చేతులకు ఇక చెమట పట్టదు, ఎండిపోతాయి, పగులుతాయి, పగిలింది తెలీదు, పుండవుతుంది, పుండు వేళ్లను తింటుంది. ఇవన్నీ ఆయన మెల్లగా, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పాడు. అమ్మ విన్నంతసేపు విని ఒక్కటే అడిగింది.

“బడ్డీ నడుపుకోవచ్చా?”

“చేతులు పగలకుండా, కాలకుండా చూసుకుంటే ఎందుకు నడపకూడదు?”

ఇక మా ఇంట్లో ఉన్న పని అదొక్కటే అయింది. పొద్దున, సాయంత్రం అమ్మ బేసిన్‌లో నీళ్లు పోసుకుని చేతులు నానబెట్టేది. చర్మం ఉబ్బి ముడతలు పడేదాకా ఉంచి, తుడుచుకోకుండా, తడి మీదే వాజిలిన్ పూసుకునేది. డాక్టరుబాబు పెద్ద డబ్బాలోంచి చెక్కపుల్లతో తీసి, మా ఖాళీ బూటుపాలిష్ డబ్బాలో నింపి ఇచ్చేవాడు. “ఇది లోపలికి దిగే మందు కాదమ్మా, నీటి మీద మూత. చేతిలో నీళ్లున్నప్పుడు మూత పెట్టాలి” అని చెప్పాడు. అమ్మ చేతులు వెన్న రాసినట్టు మెరిసేవి. ఆ చేతుల్తో గ్లాసు పట్టుకుంటే జారేది. రెండు పగిలాక, గ్లాసులకు కూడా చలికి చర్మం పగిలిందని గిరాకీలకు చెప్పాను. వాళ్లు నవ్వారు. అమ్మ మసిగుడ్డతో గిన్నె దించడం మొదలుపెడితే వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. సర్కస్ మూసేసినట్టు చూశారు.

పగుళ్లు కలుసుకోసాగాయి. ముందు అంచులు మెత్తబడ్డాయి, తర్వాత నోళ్లు మూసుకున్నాయి. అమ్మ చెయ్యి వెలుతురులో పెట్టి తిప్పి చూసుకునేది. “తగ్గతంది కదేటిరా?” అనేది. తగ్గుతోంది అనేవాణ్ణి. అది అబద్ధం కూడా కాదు.

అప్పుడు సాలూరు నుంచి అమ్మమ్మ వచ్చింది. కూతురికి చేతులు బాగోలేదని మాత్రమే ఆమెకు తెలుసు. ఏ జబ్బో అమ్మ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. సంచినిండా ఆముదం, వాము, పాత చీరముక్కలు తెచ్చింది. మా కింద ఊళ్లలో నూనె రాస్తే కాపడం పెట్టకుండా వదలరు. పసిపిల్లకైనా, బాలింతకైనా, బెణికిన కాలికైనా, ముందు చమురు, వెనక నిప్పు. వట్టి చమురు పూసి ఊరుకోవడం అంటే పొయ్యి వెలిగించకుండా బియ్యం ఎసట్లో పోసినట్టే ఆమె లెక్క. అమ్మ తడి చేతులకు వాజిలిన్ పూసుకోవడం చూసి తల కొట్టుకుంది.

“ఏటే సేత్తన్నావు? తడిసేతికి పూత్తే లోపలికెలా దిగుద్దే?”

“దిగక్కర్లేదంటమ్మా. మూతంట.”

“మూతేటి, నీ మొకం. కాక సూపితే గదా దిగీది! నిన్ను ఇలాగే పెంచీసినానేటి?”

నేను బడ్డీలో ఉన్నాను. మధ్యాహ్నం కిరండూల్ రైలుబండి వచ్చి జనం టీకి ఎగబడ్డారు. బడ్డీ వెనక మా గదిలో అమ్మమ్మ కుంపటి రాజేసి, అమ్మ చేతులకు డబ్బాలో ఉన్న వాజిలిన్ అంతా దట్టంగా పట్టించి, నిప్పుల మీద పెట్టించింది. మొదట్లో తన చేతులూ పక్కనే పెట్టిందట, కాక తట్టుకోలేక తీసేసిందట. కూతుర్ని అడిగిందట, “కాలతందేటే?” అని. అమ్మ మణికట్లకు వెచ్చగా తగులుతోంది. చలిలో హాయిగా ఉంది. అమ్మ అరచేతుల మాట మణికట్లను అడిగి చెప్పింది.

“లేదమ్మా. బాగుంది.”

వాసనకు నేను లోపలికి వెళ్లాను. బడ్డీలో ఏదో మాడిందనుకుని ముందు గిన్నెలు చూసుకున్నాను.

వాళ్లిద్దరూ కుంపటి ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అమ్మ నవ్వుతోంది. నేను ఆ చేతుల్ని లాగేసి బేసిన్‌లో ముంచాక, అరచేతులు చూసి అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ కూలబడింది.

“ఓలమ్మో, నా సేతుల్తోటే కాల్సీసినానురో!”

“కాల్చేశావు గానీ, ముందా చన్నీళ్ల బిందె ఇలా తే” అన్నాను.

అమ్మ మాత్రం నీళ్లలో ఉన్న చేతుల్ని చూస్తూ కూర్చుంది. నొప్పి లేదు కాబట్టి ఏడుపు ఎక్కడ మొదలెట్టాలో ఆమెకు తెలియలేదనుకుంటాను. బయట ఎవరో “టీ ఏదయ్యా, బండెలిపోతాది” అని అరిచారు. “ఎల్లు, అడుగుతన్నారు” అంది.

కుడిచెయ్యి కొంత దక్కింది. ఎడమచెయ్యి చీము పట్టింది. కొండ దిగి ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. రెండు వేళ్ల కొసలు అక్కడే వదిలేశాం, మిగతావి లోపలికి ముడుచుకుపోయాయి. ఏ వార్డులో ఉన్నామో సాలూరు వాళ్లొకరు చూశారు. మేము అరకు చేరేసరికి వార్త మాకన్నా ముందే ఘాటీ ఎక్కి కూర్చుంది.

గిరాకీలు మానేస్తారని భయపడ్డాం. మానలేదు. మంచివాళ్లు. గ్లాసు నా చేతిలోంచి తీసుకునేవాళ్లు, అంతే. అమ్మ లేవబోతే, “నువ్వు కూకో అక్కా, గుంటడున్నాడు కదా” అనేవాళ్లు. రోజూ పొద్దున్నే మొదటి టీ తాగే లారీ డ్రైవరు ఒకడుండేవాడు. అమ్మను సొంత అక్కలా చూసేవాడు. ఒకరోజు నేను నీళ్లకు వెళ్లినప్పుడు అతను వచ్చాడు. అమ్మ కుడిచేత్తో టీ పోసి, ఎడమ మణికట్టు ఆసరాతో గ్లాసు అందించింది. నేను బిందెతో వచ్చేసరికి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వలిసె పూలు ఈసారి బాగా విరగబూశాయన్నాడు. ఘాట్ రోడ్డు మీద మంచు గురించి మాట్లాడాడు. పిల్లాడికి ఒంట్లో బాగోలేదన్నాడు. ఉన్న మాటలన్నీ అయిపోయాక గ్లాసు బల్ల మీద పెట్టి, “వస్తానక్కా” అని నమస్కారం పెట్టి వెళ్లాడు. అంతకుముందు ఎప్పుడూ నమస్కారం పెట్టలేదు.

టీ మీద మీగడ కట్టింది. గ్లాసు నిండుగానే ఉంది.

“పంచదార తక్కువైందేమో” అన్నాను. అంతకన్నా మంచిది తట్టలేదు.

అమ్మ టీ పారబోసి, గ్లాసు తనే కడిగి బోర్లించింది. మర్నాటి నుంచి బడ్డీలోకి రాలేదు.

డాక్టరుబాబు వస్తూనే ఉన్నాడు. ఒకసారి వచ్చినప్పుడు గదిలో కూర్చుని అమ్మ చేతులు తిప్పి తిప్పి చూశాడు. ఒక్క పగులు లేదు. ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని మెచ్చుకున్నాడు.

“వేరే పనేటుంది బాబూ నాకు?” అంది అమ్మ.

ఆయన తలొంచుకుని డబ్బాలోకి వాజిలిన్ తీయసాగాడు. చలికి అది గట్టిపడి పుల్లకు రావడం లేదు.