పేపరుకు ఆగయ్య పెట్టిన కిటికీలు

మొన్న సోమవారం పొద్దున, మూడో పేజీలోని ప్రతిపక్ష నాయకుడి ప్రసంగంలోంచి సగం కొరికిన మిర్చి బజ్జీ ఒకటి జారి ప్రేమ్‌రాజ్ ఒళ్లో పడింది. ప్రసంగం ధరల పెరుగుదల మీద. బజ్జీ ఎదుటి కుర్చీలోని డానియేలుది. తెల్ల ప్యాంటు ప్రేమ్‌రాజ్‌ది, అదీ కొత్తది. ప్రసంగానికి సరిగ్గా నడుమ అరచేయంత బొక్క ఉండటం వల్ల, అవతలి నుంచి డానియేలు బజ్జీ పట్టుకున్న చేత్తోనే ఏదో చూపించబోవడం వల్ల ఇది జరిగిందని, ఇందులో పార్టీల ప్రమేయం ఏమీ లేదని హోటల్లో ఉన్నవాళ్లంతా ఒప్పుకున్నారు. ప్రేమ్‌రాజ్ ఒక్కడే ఒప్పుకోలేదు.

బొక్క పెట్టింది ఆగయ్య. యాకుత్‌పురా స్టేషను దారిలో చాయ్ హోటల్ నడిపే ఆగయ్య చాయ్ చిక్కగా పోస్తాడు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. కత్తెర పెట్టకుండా మాత్రం పేపరును మనుషుల్లోకి వదలడు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, గల్లా వెనక కూర్చుని, పేపరుకు క్షవరం చేస్తాడు. ఆ తరవాతే గ్లాసులు కడిగే చంద్రమ్మ దాన్ని షీట్లుగా విడదీసి బల్లకొకటి వేస్తుంది. హోటలంతటికీ ఉన్నది ఒక్కటే పేపరు. ముందు పేజీ కావాలంటే ముందు బల్ల దగ్గర చాయ్ తాగాలి. సినిమా పేజీ కావాలంటే చేతులు కడుక్కునే చోటికి పోవాలి.

"ఆగన్నా, గీ బొక్కలేంది?" అని ఎవరడిగినా జవాబు ఒకటే.

"ఎలుకలు, బాపు."

"ఎలుకలు నాలుగు మూలలు సమంగ కొరుకుతయా?"

"చార్మినార్ కాడ పుట్టిన ఎలుకలు. వాటికి నాలుగు మూలలంటే షోక్."

ఆ ఎలుకలకు ఒక పద్ధతి లేదు. ఒకరోజు మంత్రిగారి తల, ఒకరోజు సిమెంటు ప్రకటన. ఒకరోజు రాశిఫలాల్లో కన్యారాశి పోయింది. ఆ రాశివాళ్లు సాయంత్రం దాకా ఏ పనికీ పూనుకోలేదు.

అసలే అది పక్షపాతమున్న పేపరు. నగరంలోకెల్లా పెద్ద పేపరు రూలింగు పార్టీకి అమ్ముడుపోయిందని లాడ్ బజార్‌లో గాజుల దుకాణమున్న ప్రేమ్‌రాజ్ అంటాడు. కాదు, ప్రతిపక్షానికి అమ్ముడుపోయిందని రైల్వేలో పనిచేసే డానియేలు అంటాడు. ఇద్దరూ చూపించే రుజువు ఒకే వార్త.

"మా లీడర్‌ది నోరు తెరిచిన ఫోటోనే ఏస్తరు. గిది కుట్ర కాదా?" అంటాడు ప్రేమ్‌రాజ్.

"మీ లీడర్ నోరు మూసేదెప్పుడు భాయ్? పాపం ఫోటోగ్రాఫర్ ఎంతసేపని నిలబడతడు?"

దానికి తోడు ఈ కత్తెర. పేపరు దాచగా మిగిలింది ఆగయ్య దాస్తున్నాడని, ఆగయ్య లోపాయికారిగా రూలింగు మనిషని ప్రేమ్‌రాజ్‌కు ఎప్పటి నుంచో అనుమానం. బజ్జీతో అది రూఢి అయింది. మరునాడు స్టేషను దగ్గర అదే పేపరు సొంతంగా కొని, మడత నలగకుండా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఇయ్యాల దూద్ కా దూద్, పానీ కా పానీ అయితది, పాలేవో నీళ్లేవో తేలుతది," అని ప్రకటించి, తన నిండు పేజీని బల్ల మీద పరిచి, దాని మీద ఆగయ్య పేజీని అంచులు కలిపి పెట్టాడు.

బొక్కలోంచి ఒక కుర్రాడు నవ్వాడు.

మంత్రి కాదు, ప్రతిపక్షమూ కాదు. చంద్రమ్మ కొడుకు నందు.

నందు కూలికి ఫ్లెక్సీలు కట్టేవాడు. ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి కట్టేవాడు. ఒక ఎన్నికలప్పుడు ఇనప చట్రం కరెంటు తీగకు తగిలి స్తంభం మీదే ప్రాణం పోయింది. కట్టేది రూలింగు ఫ్లెక్సీ గనుక, అప్పట్లో రూలింగు వైపున్న పేపరు 'మద్యం మత్తులో' అని రాసింది. పేపర్లో కొడుకు బొమ్మ చూసిన చంద్రమ్మ, ఏం రాశారో చదవమని చాయ్ తాగడానికొచ్చిన ఒక గిరాకీని అడిగింది. అతను చదివాడు. నందు కల్లు వాసన కూడా పడనివాడు. ఆమె ఆ ఒక్క బల్లనే పొద్దుగూకేదాకా తుడిచింది.

తరవాత పేపరు పక్షం మారింది. నందు 'ప్రభుత్వ నిర్లక్ష్యానికి బలైన కార్యకర్త' అయ్యాడు. మళ్లీ మారింది, మళ్లీ తాగుబోతయ్యాడు. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా అదే ఫోటో, అదే నవ్వు. పార్టీ మాత్రం వేరు.

ప్రేమ్‌రాజ్ తలెత్తాడు. చంద్రమ్మ తడిగుడ్డతో పక్క బల్ల తుడుస్తోంది. ఇక రావలసింది ఈ బల్లకే. గల్లా వెనక ఆగయ్య చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎన్నడూ పొంగనివ్వని పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి, ఆయన చూడటం లేదు.

ప్రేమ్‌రాజ్ తన నిండు గ్లాసు చాయ్ తీసి బొక్కలో పోశాడు. సగం బల్ల మీంచి కారి ప్యాంటు మీద పడింది.

"ఏంది తమ్మీ! నిన్న బజ్జీ, ఇయ్యాల చాయ్. ఇంట్ల లొల్లి కాదా నీకు?" అంటూ చంద్రమ్మ వచ్చి, తడిసిన కాగితాలను రెండు చేతులతో ముద్దగా దగ్గరికి తీసింది. ఆ ముద్దలో ఎవరున్నారో ఆమెకు తెలియదు.

"నాకియ్యి అక్కా, నేను పడేస్త," అని ప్రేమ్‌రాజ్ దాన్ని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. బయటికి పోయినట్టే పోయి జేబులో పెట్టుకున్నాడు.

హోటల్ ఖాళీ అయ్యాక గల్లా దగ్గరికి పోయి అడిగాడు. "మల్ల రోజూ ఎందుకు కోస్తున్నవ్ అన్నా? గీ ఫోటో ఒచ్చిన నాడే కోస్తే అయిపాయె గదా."

"గా ఒక్కనాడే కోస్తే ఏం కోసినవని అందరడుగుతరు. ఆమె ముంగటనే అడుగుతరు. రోజూ కోస్తే, ఆగయ్యకు పిచ్చి అంటరు. గది మంచిదే గదా."

ఆగయ్య చాయ్‌పత్తా డబ్బా మూత తీశాడు. లోపల నందులే. కొందరు పసుపు పచ్చబారిపోయారు.

"లీడర్లను పొయ్యిల ఏస్తున్న భాయ్. గీ పోరన్ని ఎట్ల ఏస్తం మంటల?"

ప్రేమ్‌రాజ్ జేబులోంచి తడి ముద్ద తీసి, విప్పి, ఆరబెట్టమని ఇచ్చాడు.

శనివారం నాడు డానియేలు ముందు పేజీ ఎత్తి చూస్తే, అవతలి గోడ మీది క్యాలెండరు స్పష్టంగా కనబడింది.

"ఏంది ఆగన్నా గిది! మా లీడర్ పాయె, వీళ్ల లీడర్ పాయె, ఆఖరుకు క్రికెట్ గూడ పాయె! ఇగ మేం చదివేదేంది?"

గల్లా వెనక ప్రేమ్‌రాజ్ చేతులు వీపు వెనక పెట్టుకుని, పైకప్పు వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. కత్తెర మొన మోచేతి పక్కనుంచి కనబడుతోంది. తన నాయకుణ్ని తన చేత్తో కోసినందుకు మొహం ఇంకా చిన్నబోయే ఉంది.

ఆగయ్య చాయ్ వడగట్టడం ఆపలేదు.

"ఇయ్యాల్టి సంది రెండు ఎలుకలు, భాయ్."