ఏ బొమ్మ నొక్కినా ‘చాలు’

కార్తీకమాసం రెండో ఆదివారం, పొద్దున్న పదిన్నర. భుయ్యాడీహ్‌లో మా ఇంటి ముందుగదిలో నా భార్య నీళ్ళ బొమ్మ నొక్కింది. ట్యాబ్ “చాలు” అంది. కోడలు ఆవిడ నోటిదాకా తెచ్చిన గ్లాసు వెనక్కి తీసేసుకుంది.

నా భార్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. ఆదిత్యపూర్‌లో కంప్యూటరు చదువుతూ ఆదివారాలు ఇంటికొచ్చే మనవరాలు ఆవిడ కోసం ట్యాబ్‌లో బొమ్మలు పెట్టింది: నీళ్ళు, టీ, నొప్పి, ఫ్యాను, చాలు. బొమ్మ నొక్కితే ఆ మాట కోడలి గొంతుతో పలకాలి. ఏది నొక్కినా “చాలు” అనే పలికింది. ముందు వారమూ ఇంతే. నా భార్య ఎడమచేత్తో ట్యాబ్‌ను మంచం మీంచి తోసేసింది.

“తాతా, అగ్లే సండే ఠీక్ కర్ దూంగీ,” అంది మనవరాలు. నేను తెలుగులో మాట్లాడితే అది హిందీలో బదులిస్తుంది.

“వచ్చే ఆదివారం ఏటి? ఇంకోపాలి తప్పు పలికితే మీ నానమ్మ దాన్ని ముట్టదు. ఇప్పుడే కూకో. నానూ కూకుంటాను.”

“ఆప్ క్యా కరోగే?”

“ఏటీ సెయ్యను. నువ్వు లెగకుండా సూత్తాను.”

యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. అది తెరిచిన కంప్యూటరు తెర మీద రాసింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, చెప్పడానికి సిగ్గూ లేదు. అర్థం కానిదాని ముందు లేవకుండా కూర్చోవడం మాత్రం నాకు వచ్చు.

మొదట రికార్డింగులు విడివిడిగా వినిపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత “చాలు” తీసేసింది. ఇప్పుడు ఏది నొక్కినా “ఫ్యాను”.

“మావయ్యా, చాలు పోయి ఫ్యానొచ్చింది,” అని కోడలు వంటింట్లోంచి నవ్వింది. మనవరాలు నవ్వలేదు. ఎప్పుడూ వరసలో చివరిదే పలుకుతోందని పట్టుకుంది.

బొమ్మలు తయారయ్యేటప్పుడు ఒక్కో మాటా తెర మీద కనిపించేలా చేసింది. నీళ్ళు, టీ, నొప్పి, ఫ్యాను. తప్పు లేదు. నొక్కినప్పుడు మాత్రం ఫ్యాను, ఫ్యాను, ఫ్యాను.

అప్పుడు నాకు విడమర్చి చెప్పింది. బొమ్మలు తమ మాటను దగ్గర పెట్టుకోలేదట. అన్నీ ఒకే గదివైపు చూస్తున్నాయట. ఆ గదిలోకి మాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయి, చివరిది మిగిలింది. బొమ్మ ముందే చూడదు, మనం నొక్కాకే వెళ్ళి చూస్తుంది. అప్పటికి అక్కడున్నది ఫ్యానే.

“మా రైలు యార్డులో లాగన్నమాట. మూడో లైను బండికి నీళ్ళు పట్టమని పొద్దున్న సెప్పీవోరు. పైపు ఈడ్సుకెళ్ళీసరికి ఆ లైన్లో వేరే బండుండీది.”

“హా తాతా, వహీ! ఇప్పుడు బండి నంబరే చేతికిచ్చేస్తా,” అంది. సంతోషం వస్తే తెలుగు కూడా వస్తుంది దానికి.

తను రాసినదాంట్లో ఒక్క పంక్తి మార్చింది. తయారయ్యేటప్పుడే ఏ బొమ్మ మాట ఆ బొమ్మకు ఇచ్చేసింది. “చాలు” మళ్ళీ చేర్చి, అన్నీ నొక్కి చూసింది. ఇంకోసారి నొక్కమన్నాను.

“నా మీద అనుమానమా?”

“నీ మీద కాదే, దాని మీద.”

నా భార్య గోడవైపు తిరిగి పడుకుంది. మనవరాలు ఆవిడ ఎడమచేతి కింద ట్యాబ్ పెట్టి, పక్కన కూర్చుంది. బతిమాలొద్దని కోడలికి నేను సైగ చేశాను. కాసేపటికి ఆవిడ తల తిప్పి, ఒక వేలు పెట్టింది.

“నొప్పి.”

మళ్ళీ అదే నొక్కింది.

“ఎక్కడే?” అన్నాను. ఎడమచెయ్యి తీసి కుడిభుజం మీద వేసుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ అలా చెయ్యి వేస్తే చలనుకుని దుప్పటి కప్పాం. ఆ రెక్క పట్టుకునే లేపి కూర్చోబెట్టాం.

“అయ్యో అత్తా,” అంటూ కోడలు భుజం కింద దిండు సర్దింది. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆటో కోసం చెప్పులేసుకున్నాను.

ఆ పొద్దున్న నా భార్య చెప్పిన మాట విన్నది నా కోడలు, నా మనవరాలు, నేను. కొడుకు డ్యూటీలో ఉన్నాడు, వాడింకా వినలేదు.