ముందు పేడ, తర్వాత పుస్తకం

సహోదరులారా, సహోదరీలారా, ఒక్క ప్రశ్న అడుగుతాను. మొహం తిప్పుకోకుండా జవాబు చెప్పండి. మీ బిడ్డ ఏం చదవాలో మీరంతా కూర్చుని నిర్ణయించారు, సరే. ఆ చదువు ఎవరి బాధ తీర్చడానికో, ఆ బాధను మీ బిడ్డ ఒక్కసారైనా చేత్తో తాకి చూసిందా?

ఈ ప్రశ్న నాది కాదు. రేపల్లెలో మా వీధి చివర ఉండే రిటైరైన పశువుల డాక్టరు గారిది. దాన్ని అడిగే ఆ మనిషి పోయిన నెల మనల్ని విడిచి వెళ్లిపోయారు.

ఆ పొద్దున నేను బాపట్లలో ఉన్నాను. యువజన కూటంలో ఉదయం ప్రసంగం నాది. మైకు అందుకోబోతుండగా జేబులో ఫోను మోగింది. మా అమ్మాయి.

"నాన్నా, తాతయ్య పోయారు" అంది.

మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. తను తాతయ్య అని పిలిచేది ఇక డాక్టరు గారినే, కాబట్టి ఏ తాతయ్య అని అడగనక్కర్లేకపోయింది.

"నమాజు చేసుకుని పాల బకెట్టు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారంట నాన్నా. అంతే, ఇంక లేవలేదంట."

మైకు చేతిదాకా వచ్చాక నేను వెనక్కి ఇచ్చేయడం నా జీవితంలో అదే మొదలు. ఇంకొకరికి అప్పగించి రేపల్లె బస్సెక్కాను.

ఆయన ముస్లిం. తెనాలిలో పుట్టారు, ఉద్యోగమంతా బాపట్ల చుట్టుపక్కల, వాడరేవు దాకా చేశారు, రిటైరయ్యాక రేపల్లెలో స్థిరపడ్డారు. నేను లూథరన్ సంఘంలో జీతం లేని ప్రసంగీకుణ్ణి. వారమంతా పంక్చర్లు వేసి ఆదివారం వాక్యం చెబుతాను. ఏడో తరగతిలో బడి వదిలేసినవాణ్ణి, చదవడం వాక్యంతోనే గట్టిపరచుకున్నాను. నన్ను ఆయన "పాస్టరు గారూ" అని పిలిచేవారు.

"నేను పాస్టర్ని కాదండి" అంటే, "అంత గొంతున్నవాణ్ణి ఇంకేమనమంటారు? మీరు మైకు పెట్టి అరిస్తే మా గేదె పాలు దాచేస్తోందండి బాబూ" అనేవారు.

క్రిస్మస్‌కి మా ఇంటికి వచ్చి, మేము నక్షత్రం కట్టి, రంగు కాగితాలతో పశువుల పాక బొమ్మ చేస్తుంటే నిలబడి చూశారు. "బాగుందండి. మీ ప్రభువు పుట్టింది పాకలోనే కదా. మరి ఆ పాక ఎవరు ఊడ్చారో చెప్పండి?" అన్నారు. ఇన్నేళ్లుగా ఆ పాక గురించి ప్రసంగిస్తున్నాను, ఆ సంగతి నాకెప్పుడూ తోచలేదు.

మా అమ్మాయి తెనాలిలో ఇంటర్ చదువుతోంది. పొద్దున్నే రైల్లో వెళ్లి సాయంత్రానికి వస్తుంది. ఒకరోజు అన్నం తింటూ "నాన్నా, నేను వెటర్నరీకి అప్లై చేస్తాను" అంది. ఆ ఆదివారం సంఘంలో ప్రార్థన కోసం ఈ మాట చెప్పాను. ఆరాధన అయ్యాక మా పెద్దమ్మ ఒకావిడ అందరి ముందే పట్టుకుంది.

"డాక్టరంటే మాకు సూదిమందు వేస్తుందనుకున్నాంరా. గేదెలకా?"

"గేదెలూ దేవుని సృష్టే పెద్దమ్మా."

"సృష్టేలే. కానీ బీపీ నాకుంది, గేదెకి లేదు."

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది కానీ పట్టు వదల్లేదు. సరేనని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఏ కాలేజీ మంచిది, ఎంత ర్యాంకు రావాలి, ఇవి అడుగుదామని. ఆయన అవేవీ ఎత్తలేదు.

"నిన్నెప్పుడైనా గేదె తన్నిందా అమ్మాయ్?"

"లేదండి."

"ఆవు నాకిందా?"

"లేదండి. మాకు పశువుల్లేవండి."

"అయితే ఇప్పుడే అప్లికేషన్ ఎందుకు? ముందు పేడ, తర్వాత పుస్తకం. సెలవుల్లో, ఆదివారాల్లో నా వెంట రా. ఏడాది తిరుగు. అప్పటికీ ఇదే కావాలంటే నేనే దగ్గరుండి అప్లై చేయిస్తా."

ఆదివారమనేసరికి నాకు అడ్డు చెప్పే ఉత్సాహం వచ్చింది. "ఆదివారం ఆరాధన ఉంటుందండి" అన్నాను గట్టిగా.

"ఆరాధనయ్యాకే రమ్మనండి. విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే తియ్యరా అని మొన్న మైకులో అడిగింది మీరే కదండీ? నేను మా ఇంట్లోంచి విన్నాను."

ఆ ఆదివారం నుంచే పంపుతానన్నాను.

ఆ షరతు వెనక ఒక బాధ ఉందని తర్వాత తెలిసింది. తెనాలిలో ఆయన తమ్ముడి కొడుకు మంచి ర్యాంకుతో వెటర్నరీ సీటు తెచ్చుకున్నాడు. కాలేజీలో పురుగు పట్టిన పుండుతో ఉన్న ఎద్దును మొదటిసారి చూసి కళ్లు తిరిగి పడిపోయాడు. మొదటి ఏడాది పూర్తి కాకుండానే ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు, బాగానే ఉన్నాడు. "కానీ నన్ను చూస్తే తల దించుకుంటాడండి" అన్నారు డాక్టరు గారు. "దించుకోవాల్సింది నేను. ఇంట్లో డాక్టర్ని ఉండి కూడా వాణ్ణి ఒక్కనాడు పాకలోకి తీసుకెళ్లలేదు."

మొదటి ఆదివారం మా అమ్మాయి ఆరాధన నుంచి అలాగే వెళ్లింది. తెల్ల బట్టలు, తల్లో మల్లెపూలు, మెడదాకా పౌడరు. కాలవ అవతలి ఊళ్లో ఒక రైతు ఇల్లు. గేదెకు పొదుగువాపు. ఇద్దరూ పాకలో అడుగుపెట్టగానే అది బుస కొట్టి, గుంజ ఊగేలా తాడు లాగింది.

"పూలవాసనకి అది బెదిరిందమ్మా. నువ్వు పెళ్లికొచ్చావనుకుంది" అని నవ్వి, డాక్టరు గారు ఆ ఇంటి ఇల్లాలిని పిలిచారు. "అమ్మా, పాలు తీసేది నువ్వేగా? నువ్వు కట్టి విడిచిన చీర ఒకటివ్వు."

మన ఊళ్లల్లో పాడి ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. పాలు తీసే మనిషి ఊరెళ్తే, ఇంకొకరు ఆ మనిషి చీర కప్పుకుని దగ్గరికెళ్తారు. గేదెకు మొహం కన్నా వాసన ముఖ్యం. ఆవిడ పాత చీర తెచ్చింది. తెచ్చి, మా అమ్మాయిని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవరమ్మాయి డాక్టరు గారూ?"

ఆ ప్రశ్నలో ఏముందో చదువుతున్న మీలో చాలామందికి తెలుసు. చీర ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"నా మనవరాలు" అన్నారాయన. "ఇవ్వమ్మా, గేదె నొప్పితో ఉంది."

ఆవిడ ఇచ్చిన ఆ చీర సగం ఆయన భుజాల మీద కప్పుకుని, మిగతా సగం మా అమ్మాయి భుజాల మీద కప్పారు. తెల్లగడ్డం, కళ్లజోడు, పైన పూలచీర. గోడ మీద కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. "డాక్టరు గారూ, చీర మీకు భలే నప్పిందండీ!" అని ఒకామె అరిచింది. "నప్పాల్సింది నీకు కాదులేమ్మా, గేదెకి" అన్నారాయన వెనక్కి చూడకుండానే. ఇద్దరూ ఒకే చీరలో నడిచి వెళ్లారు. గేదె వాసన చూసింది, నిలబడింది. అప్పటినుంచి మా అమ్మాయికి ఆయన "సార్" కాదు, తాతయ్య.

తప్పిపోయిన గొర్రెను కాపరి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడని నేను ఎన్ని సభల్లో చెప్పానో. భుజాన వేసుకుంటే గొర్రె వాసన కాపరికి అంటుతుందని ఒక్క సభలోనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి.

ఏడాది తిరిగింది. మా అమ్మాయి బట్టలు మా ఆవిడ వేరే బకెట్లో ఉతికేది. గొర్రెలకు మందు తాగించింది, కోళ్లకు టీకాలు వేయడం దగ్గరుండి చూసింది, రెండుసార్లు తన్నులు తింది. మొదటి తన్ను తిని వచ్చిన రోజు పిండివంటలు పంచినంత సంబరంగా వీధంతా చెప్పుకుంది. అప్లికేషన్లు తెరిచేసరికి ఇక ఆలోచించేదేమీ లేదనుకున్నాం.

అప్పుడు డాక్టరు గారి సొంత గేదె ఈనింది. పట్టపగలు. దూడ అడ్డం తిరిగింది. ఆయన కుడి భుజం అప్పటికే పైకి లేవడం లేదు.

"నా చెయ్యి నువ్వే" అని మా అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెబుతుంటే తను లోపల కాళ్లు వెతికి, సర్ది, గేదె ముక్కినప్పుడల్లా లాగింది. దూడ వచ్చింది. ఊపిరి రాలేదు. ముక్కులో గడ్డిపరక పెట్టారు, గోనెసంచితో ఒళ్లంతా రుద్దారు. రాలేదు.

"నువ్వు దూడను పోగొట్టలేదమ్మా. గేదెను దక్కించావు. అటు చూడు, నిలబడింది" అన్నారాయన.

తను చూడలేదు. ఇంటికొచ్చి, "నాకిది వద్దు నాన్నా, నేను అప్లై చెయ్యను" అంది. నేను ఊరుకుంటానా? ఓడలోకి జంతువులను ఎక్కించిన సంగతి చెప్పాను, గొర్రెలు కాసుకునే కుర్రవాడు రాజైన సంగతి చెప్పాను, ప్రవక్తకు బుద్ధి చెప్పిన గాడిదను కూడా వదల్లేదు. తను దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. డాక్టరు గారు మాత్రం గడపదాకా వచ్చి, "దానికి దూడ లేదు కదమ్మాయ్, ఇప్పుడు నాకొక్కడికే పాలు చేపుతోంది. రోజూ వచ్చి నా పక్కన కూర్చో, నీకూ అలవాటవుతుంది" అని వెళ్లిపోయారు. గేదె చేపడమంటే పాలు పొదుగులోకి దిగనివ్వడం. దాని మనసు ఒప్పుకుంటే తప్ప ఎవరూ దించలేరు.

మా అమ్మాయి వెళ్లలేదు. అప్లికేషన్ల గడువు దగ్గరపడుతోంది. ఆ ఫోను వచ్చింది అప్పుడే.

బాపట్ల నుంచి చేరేసరికి వీధి నిండా మనుషులు. జనాజాకు నేనూ భుజం పట్టాను. ఆ బరువు నాకు ఇంకా భుజం మీదే ఉంది. తెనాలినుంచి వచ్చిన ఆ తమ్ముడి కొడుకు నా ముందే నడిచాడు. ఆరోజు అతను తల దించుకోలేదు. ఆడవాళ్లు శ్మశానానికి రారు గనుక మా అమ్మాయి డాక్టరు గారి భార్య దగ్గరే ఉండిపోయింది.

మట్టి ఇచ్చి తిరిగొస్తుంటే సందు మొదట్లోనే అరుపు వినబడింది. గేదె. పొద్దుననగా తీయాల్సిన పాలు ఎవరూ తీయలేదు. పొదుగు రాయిలా బిగిసిపోయింది. డాక్టరు గారి అల్లుడు వెళితే కొమ్ము విసిరింది. పాలు పోసే అతను వెళితే బకెట్టుతో సహా తన్నింది.

"ఇలాగే ఉంటే పొదుగు పాడైపోద్దండి. సాయంత్రందాకా కూడా ఆగదు" అన్నాడతను, మోకాలు రుద్దుకుంటూ.

అరుపులకు వరండాలోకి వచ్చి కూర్చున్న మా అమ్మాయి లేచింది. లోపలికి వెళ్లి డాక్టరు గారి భార్య ముందు కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను.

"అమ్మమ్మా, తాతయ్య విడిచిన లుంగీ ఏదైనా ఉందా? ఉతకనిది?"

ఆ తల్లి ఒళ్లోనే ఉంది అది. నీలం గళ్ల లుంగీ. పొద్దుటినుంచి మొహానికి ఆనించుకుని కూర్చుంది. ఆయన వాసన మిగిలింది ఇక అందులోనే. ఇస్తే పాకలో ఏమవుతుందో ఆమెకు తెలియదా? బయట గేదె మళ్లీ అరిచింది.

"దానికి నొప్పిగా ఉందే పాపం" అంది ఆమె. అని, లుంగీ మా అమ్మాయి చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "తీసుకెళ్లు. మళ్లీ నాకిచ్చెయ్. ఉతక్కు."

మా అమ్మాయి దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని పాకలోకి వెళ్లింది. గేదె మెడ తిప్పింది. లుంగీని చాలాసేపు వాసన చూసింది. ఆయన అనే "హుఁ, హుఁ, తల్లీ" అనే శబ్దం మా అమ్మాయి నోట వచ్చింది. దాని చెవులు వాలాయి. తను కూర్చుని, నుదురు దాని పక్కకు ఆనించి, పొదుగును తడిగుడ్డతో నిమిరింది. అప్పుడు ఖాళీ బకెట్టు అడుగున సర్‌మని మొదటి ధార పడిన చప్పుడు. వరండాలో ఉన్న ఆ తమ్ముడి కొడుకు గోడకు తల ఆనించి ఏడ్చాడు.

నేను స్తోత్రం అని గట్టిగా అరవబోయి, ఆయన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అరిస్తే గేదె పాలు దాచేస్తుంది.

నిండిన బకెట్టు గట్టు మీద పెట్టి, పేడా పాలూ అంటిన ఆ లుంగీని మడతపెట్టి ఆ తల్లి ఒళ్లో పెట్టింది మా అమ్మాయి. బయటికొచ్చి, "నాన్నా, నెట్ సెంటర్ తెరిచి ఉంటదా?" అంది.

"రేపు చూద్దాంలేమ్మా, ఇవాళ..."

"రేపు కాదు నాన్నా. ఇవాళే."

వెళ్లాం, అప్లై చేశాం. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా, ఇప్పుడు రోజూ పొద్దున్నే రైలుకు ముందు ఆ పాకలో, ఆ తల్లి ఇచ్చే నీలం లుంగీ కదులుతూ కనిపిస్తుంది. వెనకనుంచి చూస్తే ఒక్క క్షణం ఆయనే అనిపిస్తుంది.

కాబట్టి చదవడం ఆపి లేవండి. మీ బిడ్డ పశువుల డాక్టరు కావాలనుకుంటోందా? ర్యాంకులు, కాలేజీలు తర్వాత. చెయ్యి పట్టుకుని మీ ఊరి పశువుల ఆసుపత్రి గేటు దగ్గరికి తీసుకెళ్లండి. నేర్పే పెద్దమనిషి ఇంకా అరుగు మీద ఉండగానే వెళ్లండి. వచ్చే ఆదివారం అనకండి, పరీక్షలయ్యాక అనకండి. పొదుగు నిండిన గేదె రేపటిదాకా ఆగదు. ఇవాళే, ఇంకా పొద్దుండగానే, వెళ్లండి.