రేడియోలకు పార్శిల్ ఖర్చు

మా ఆయన పోయిన ఐదో నెలలో భువనగిరిలో ఆయన దుకాణం తాళం తీశాను. లోపల చెక్కపలకల మీద ముప్పైదాకా పాత రేడియోలున్నాయి. ఊళ్లు తిరిగి కొనుక్కొచ్చి, బాగుచేసి అమ్మడం ఆయన పని. జాగా ఖాళీ చెయ్యమని దుకాణం యజమాని అప్పటికే రెండుసార్లు కబురు పంపాడు. నాకు బాధ కూడా కలగలేదు. ఒక పని ఉంది, అది అయిపోవాలి, అంతే.

మా చెల్లె వచ్చి, నా ఫోన్‌లో పాత సామాన్లు అమ్మే యాప్‌లో రేడియోల ఫోటోలు పెట్టింది. ధరలు చకచకా వేసింది గానీ, పార్శిల్ ఖర్చు అన్న గడి దగ్గర ఆగింది.

"అక్కా, గిది ఎంత పెట్టాలె?"

"నీకు తోచింది పెట్టు."

"నాకేం తెలుసు? బావ ఎంత తీసుకునేటోడు?"

ఆయన ఎప్పుడూ పార్శిల్ చెయ్యలేదు. కొనేవాళ్లే దుకాణానికి వచ్చి, ఒక పాట విని తీసుకుపోయేవాళ్లు. వంద రూపాయలు పెట్టమన్నాను. వందే ఎందుకంటే చెప్పలేను.

మొదటి రేడియోను పాత చీరల్లో చుట్టి, పెద్ద అట్టడబ్బాలో పెట్టి కొరియర్ దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడాయన టేపుతో డబ్బా కొలిచాడు.

"బరువొక్కటే కాదమ్మా, డబ్బ సైజును బట్టి కూడ పడ్తది. రెండు వందల నలభై."

ఇచ్చి వచ్చాను. రెండోదానికీ మూడోదానికీ అలాగే ఇచ్చాను. ఈ సంగతి తెలిసి చెల్లె తలపట్టుకుంది. ఖర్చు ధరలోనే కలిపేసి, పార్శిల్ ఉచితమని రాసింది. మర్నాడే హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"నేనే వచ్చి తీస్కపోతె ఎంత తగ్గిస్తరు?"

ధరలో చెల్లె ఎంత కలిపిందో నాకు తెలియదు, ఫోన్ పెట్టేశాను. మళ్లీ వందకే మార్పించాను.

ఆ తర్వాత ఆత్మకూర్‌లో ఒక పెద్దాయన చెక్క రేడియో కొన్నాడు. పంపిన నాలుగో రోజు ఫోన్ చేశాడు.

"అమ్మా, రేడియో మంచిగ ముట్టింది. డబ్బ మీద రశీదు అంటుకొని ఉన్నది. మూడు వందల పది అని ఉంది. నా తాన వందే తీసుకున్నరు."

"పోనియ్యండి."

"ఎందుకు పోనియ్యాలె? మేం గొర్లు అమ్మితె బండి కిరాయి కొన్నోడే పెట్టుకుంటడు. ముందుగాలనే చెప్పుకుంటం. మీ ఇంటాయన చూసుకోడా గీ లెక్కలు?"

"ఆయన లేరు."

ఫోన్‌లో ఆయన వెనకాల గొర్రెల అరుపులు వినిపించాయి.

"ఎంతయితదో ముందే రాయున్రి. ఇష్టమున్నోడు తీసుకుంటడు, లేనోడు ఊకుంటడు. మీరెందుకు నష్టపోవాలె?"

మిగతా డబ్బులు ఆ సాయంత్రమే పంపాడు. ఏడుపు రాలేదు. డబ్బు పోతోందని నాకు ముందు నుంచీ తెలుసు. పోతున్నది నాదని మాత్రం అప్పటిదాకా తోచలేదు.

తెల్లారి మిగిలిన రేడియోలన్నీ ఒక్కొక్కటిగా డబ్బాల్లో పెట్టాను. ట్రాలీ ఆటోలో కొరియర్ దుకాణానికి తీసుకెళ్లి కొలిపించి, దగ్గరి ఊళ్లకెంత, రాష్ట్రం దాటితే ఎంత అని కనుక్కున్నాను. ఆ లెక్క ప్రతి ఫోటో కింద రాయించాను. రశీదు కూడా చూపిస్తానని రాయించాను.

"ఇంత రాస్తె ఎవరు కొంటరక్కా?" అంది చెల్లె.

నిజమే, కొనేవాళ్లు తగ్గారు. దుకాణం ఖాళీ చేసి, మిగిలినవి ఇంటి ముందుగదిలోకి మార్చుకున్నాను. అన్నీ పోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ మధ్యలో ఒకావిడ, బేరం కుదిరాక, పార్శిల్ ఖర్చు సగం నన్ను పెట్టుకోమంది. పెట్టుకోనన్నాను. ఆమె మళ్లీ అడిగింది.

"ఒకసారి చెప్పిన కదమ్మా" అని గట్టిగానే అన్నాను.

ఫోన్ పెట్టేశాను. ఆయన పోయాక నాకు కోపం రావడం అదే మొదటిసారి.